దొరసాని సంచి నేనే తీశాను

తేదీ 19-12-2007, బుధవారం. ఉదయం 10.40. స్టేషన్ వరండాలో పెద్ద బల్ల దగ్గర చెప్పినది. రాసినవారు హెడ్ కానిస్టేబుల్ వెంకట్రాజు గారు.

నా పేరు కొల్లాబత్తుల హన్నమ్మ. భర్త పేరు లేటు దానియేలు. వయసు యాభై మూడు. రేషన్ కార్డులో నలభై తొమ్మిది అని ఉంది. అది కార్డు రాసినవాళ్ల తప్పు, నాది కాదు. ఊరు కొల్లేటిలో చింతరేవులంక. వృత్తి, పడవల రేవు దగ్గర టీ కొట్టు. చదువు లేదు. ఇంతకు ముందు ఏ కేసులోనూ లేను. స్టేషన్ మెట్లు ఎక్కడం నిన్నటితో కలిపి ఇది రెండోసారి.

నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వచ్చాను. మా ఊళ్లో పడవ నడిపే ఏడుకొండలును నిన్న ఉదయం ఏడు గంటలకు జీపులో తీసుకువచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన మార్జరీ దొరసాని గారి సంచి అతని పడవలో పోయిందని. ఆ సంచి అతను తీయలేదు. నేను తీశాను. ముందు ఈ ఒక్క ముక్క రాసుకుంటే తక్కినది నిదానంగా చెబుతానన్నాను. హెడ్ గారు రాశారు.

నిదానంగా అన్నాను గానీ అంత వ్యవధి లేదు. ఏడుకొండలు అయ్యప్ప మాలలో ఉన్నాడు. రేపు తెల్లవారుజామున ఐదు గంటలకు గురుస్వామి అతనికి ఇరుముడి కట్టాలి. తొమ్మిది గంటలకు ఏలూరులో రైలు. నలభై రోజుల నుంచి చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, కటిక నేల మీద పడక. ఇదంతా నా మూలంగా పాడవకూడదు. నేను ఏసుప్రభువును నమ్ముకున్నదాన్ని. అయినా అతని నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు. మాల వేసుకున్నప్పుడు అతను బయట టీ తాగడు. కానీ రోజూ ఉదయం పడవ విప్పే ముందు నా కొట్టు దగ్గరికి వచ్చి ఐదు నిమిషాలు ఊరికే నిలబడి వెళతాడు. మాలలో ఉన్నవాళ్లు ఆడవాళ్లను మాతా అని పిలవాలి. అతను నన్ను అక్కా అనే అంటాడు.

ఇక దొరసాని గారి సంగతి. ఆమె వయసు డెబ్భై ఒకటి. మా ఊరి బడి టీచరు పెర్సిస్ ఇంట్లో దిగారు. దొరసాని వాళ్ల నాన్నగారు వెనకటి రోజుల్లో ఇటువైపు మిషన్ ఆసుపత్రిలో డాక్టరు. ఆమెకు పదేళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉండి తర్వాత వెళ్లిపోయారు. పెర్సిస్ నాన్నగారు ఎలీయాజరు మాస్టారు ఆ డాక్టరు గారి చేతుల మీదే పుట్టారు. అందుకని ఆమె వస్తున్నదని తెలిసినప్పటి నుంచి మాస్టారి కాలు నేల మీద నిలవలేదు. ఇంటికి సున్నం వేయించారు. కొత్త దోమతెర కొన్నారు.

12వ తేదీ బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు ఆమె దిగారు. మరునాడు మాస్టారు కారు మాట్లాడి ద్వారకా తిరుమల కొండ చూపించారు. ఆ మరునాడు గుహలు చూపిస్తామన్నారు. దొరసాని వద్దన్నారు. ఈ ఊరు చూస్తానన్నారు. ఇది తర్వాత పెర్సిస్ నాతో చెప్పింది. మాస్టారు చాలా బాధపడ్డారట.

"ఈ ఊళ్లో చూడ్డానికి ఏముందండీ? నీళ్లు, గట్లు, కొంగలూను."

పెర్సిస్ అది ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని నవ్వి, "అవే" అన్నారట.

14వ తేదీ శుక్రవారం ఉదయం ఆరున్నరకు ఆమె మొదటిసారి నా కొట్టుకు వచ్చారు. నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో కర్ర, వీపున ఆకుపచ్చ సంచి. మగవాళ్లు వేసుకునే బూట్లు. ఎవరు, ఏమిటి అని అడగకుండా అల్లం టీ ఇచ్చేశాను. అడగకుండా ఇచ్చాను అన్న మాట హెడ్ గారిని గుర్తు పెట్టుకోమన్నాను, తర్వాత దాంతో పని ఉంది. నా కొట్టు ముందు బల్లకు ఒక కాలు పొట్టి. ఆమె కుడివైపు కూర్చుని పడబోయారు. టీ ఒలికింది, నవ్వారు. మరునాటి నుంచి ఎడమవైపే కూర్చున్నారు.

ఆమె చేసిన పనల్లా నడవడం. రేవు నుంచి బడికి, బడి నుంచి చర్చికి, చర్చి నుంచి చెరువు గట్ల మీదికి. మా వైపు పని లేకుండా ఎవరూ నడవరు. పెద్దవాళ్లు నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాకు చేతకాదు. ఆ ఒక్క ఉదయమే పదకొండు మంది ఆమెను ఆపారు. సైకిలు వాళ్లు, మోటారు సైకిలు వాళ్లు, చేపల లారీ డ్రైవరు ఒకాయన. బుల్లిరాజు చేపల మేత ట్రాక్టరు అడ్డంగా పెట్టి, "ఎక్కండమ్మా, మీరెక్కితేగానీ బండి కదలదు" అని కూర్చున్నాడు. పాపం ఆమె అతని మాట తీసెయ్యలేక ఎక్కారు. బడి దగ్గర దిగారు. దిగి, మళ్లీ వెనక్కి ఎక్కిన చోటికే నడిచి వెళ్లి, అక్కడి నుంచి బడికి తిరిగి నడిచారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, కానీ తప్పుగా అర్థమైంది.

దొరసాని నా కొట్లో కూర్చుని ఫోటోలు చూపించేవారు. వాళ్లది చిన్న ఊరు. పచ్చటి గుట్ట, రాళ్లు పేర్చిన గోడలు, ఆ గోడలు దాటడానికి చెక్క మెట్లు. ఆదివారం ఆరాధన అయ్యాక ముసలమ్మలందరూ కర్రలు పట్టుకుని ఎవరి పొలంలోంచి అయినా సరే నడుచుకుంటూ పోతారట. పొలం ఆసామి ఏమీ అనడట. ఇది పెర్సిస్ చెప్పింది. నేను నమ్మలేదు. "మా ఊళ్లో గట్టు తొక్కితే రెండు తరాలు మాట్లాడుకోరు" అన్నాను. అది విని దొరసాని చాలాసేపు నవ్వారు. ఆమె నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి. నాకు ఆమె అంటే ఇష్టం కలిగింది. ఇది కేసుకు అక్కర్లేదని హెడ్ గారు అన్నారు. కావాలని నేను అన్నాను. ఇష్టం లేని మనిషి సంచి తీస్తే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

15వ తేదీ శనివారం నుంచి ఆమె మూడు కాళ్ల యంత్రం ఒకటి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది పక్షులను దగ్గరగా చూసే దుర్భిణి అని పెర్సిస్ చెప్పింది. నాకు కూడా చూపించారు. గూడబాతు ముక్కు కింద సంచి, సంచిలో కదిలే చేప కూడా కనిపించింది. అయినా ఆ మూడు కాళ్లు చూసి నేను వెనక్కి తగ్గాను.

ఎందుకంటే నిరుడు ఎండాకాలం ముందు ఇద్దరు మనుషులు అలాంటి మూడు కాళ్ల యంత్రంతోనే వచ్చారు. చేతిలో పటం, నోటు పుస్తకం. చాలా మర్యాదస్తులు. నా కొట్లో కూర్చున్నారు. ఎవరు, ఏమిటి అని అడగకుండా నేను అల్లం టీ ఇచ్చాను. ఒకాయన బాగుందని రెండోసారి అడిగి తాగాడు. తర్వాత నెల తిరగకుండా పెద్ద పెద్ద యంత్రాలు వచ్చి చెరువు గట్లు తెగ్గొట్టాయి. కొల్లేటిని మళ్లీ కొల్లేరు చేయాలని కోర్టు చెప్పిందట. అది మంచో చెడో చెప్పేటంతదాన్ని కాదు. పక్షులు తిరిగి వచ్చాయి, అది నిజం. మా ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లం కలిసి వేసుకున్న చెరువు పోయింది, అదీ నిజం. అప్పటి నుంచి ఊళ్లో ఒక మాట పడిపోయింది. "హన్నమ్మ టీ తాగే కదా కొలుచుకుపోయారు" అని. నవ్వుతూనే అంటారు. ఏడాదిన్నరగా నవ్వుతూనే అంటున్నారు. ఇకమీదట ఊరూ పేరూ అడిగాకే ఎవరికైనా టీ ఇవ్వాలని నేను ఒట్టు పెట్టుకున్నాను. దొరసాని వచ్చిన ఉదయం ఆ ఒట్టు గుర్తు రాలేదు. పెద్దావిడ, చలిలో వచ్చింది, చెయ్యి దానంతట అది గ్లాసు అందించింది.

ఈ వానాకాలం ముందు మేం పన్నెండు మందీ తట్టలతో మట్టి మోసి ఆ చోటే మళ్లీ చిన్న గట్టు వేసుకున్నాం. మోకాలి ఎత్తు ఉంటుంది. ఈ ముక్క రాయవద్దని చెప్పాను. చెప్పినదంతా రాయవలసిందేనని హెడ్ గారు అన్నారు.

17వ తేదీ సోమవారం ఉదయం పది గంటలకు దొరసాని ఆ గట్టు మీదికి వెళ్లారు. ఏడుకొండలు పడవలో తీసుకువెళ్లాడు. నేను వెనకే ఇంకో దోనెలో వెళ్లాను, నాచు ఏరడానికి వెళుతున్నట్టు. ఆమె గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. ఊరికే నడవలేదు. పెదవులు కదుపుతూ అంగలు లెక్కపెడుతూ నడిచారు. చివరకు వెళ్లి పుస్తకంలో రాసుకున్నారు. మూడు కాళ్ల యంత్రం నిలబెట్టి ఒక కన్ను మూసి చూశారు. మళ్లీ రాసుకున్నారు. పుస్తకంలో గీతలు, చుక్కలు, అంకెలు దూరం నుంచే కనిపించాయి. నాకు అక్షరాలు రావు గానీ పటం అంటే ఏమిటో తెలుసు. బుల్లిరాజు ట్రాక్టరు దిగి మళ్లీ వెనక్కి ఎందుకు నడిచిందో అప్పుడు అర్థమైందనుకున్నాను. ఈమెనూ ఎవరో కొలవడానికే పంపారు. మళ్లీ నా టీ తాగిన మనిషే.

పదకొండు గంటలు దాటాక పడవ రేవుకు వచ్చింది, వెనకే నా దోనె. దొరసాని సంచి, పుస్తకం పడవలో పెట్టి, దుర్భిణి ఒకటి పట్టుకుని రేవు పక్కన నత్తగుల్ల కొంగను చూడడానికి వెళ్లారు. ఏడుకొండలు వంగి తాడు కడుతున్నాడు. నేను పుస్తకం సంచిలో పెట్టి, సంచి కొంగు కింద పెట్టుకుని కొట్లోకి వచ్చేశాను. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి పైన బియ్యం పోశాను. పుస్తకం పోతే పటం పోతుంది, పటం పోతే గట్టు నిలుస్తుంది, నా బుద్ధికి తోచింది అంతే. సంచి లోపలి అరలో పాస్‌పోర్టు ఉందని నాకు తెలియదు. ఇది దేవుని ఎదుట చెబుతున్నాను.

ఏడుకొండలు చూశాడు. తాడు ముడి వేస్తున్నవాడు తలెత్తి నన్ను చూశాడు. నేనూ చూశాను. అతను తల దించుకుని, "స్వామియే శరణం అయ్యప్ప" అనుకుంటూ ముడి మీద ఇంకో ముడి వేశాడు. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రానికి పెర్సిస్ ఏడుస్తూ ఊరంతా తిరిగింది. పాస్‌పోర్టు లేకపోతే దొరసాని విమానం ఎక్కలేరని అప్పుడే విన్నాను. ఎలీయాజరు మాస్టారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎవరి నాన్నగారి చేతుల మీద తాను పుట్టారో ఆ మనిషికి తన ఇంట్లో ఇలా జరిగిందని, ఆయనే ఇక్కడికి వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. ఆ పూటే సంచి తీసుకెళ్లి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. తెల్లారాక గుట్టుగా పెర్సిస్ వాళ్ల గుమ్మంలో పెడదామనుకున్నాను. తెల్లారి ఏడు గంటలకు జీపు వచ్చింది.

నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి అరటిపళ్లు, తేగలు తీసుకుని ఇక్కడికి వచ్చాను. కానిస్టేబుళ్లు కూడా అతన్ని ఏమీ అనలేదు, అది చెప్పాలి. "చెప్పండి స్వామీ, సంచి ఎవరు తీశారు స్వామీ?" అని దండం పెట్టినంత మర్యాదగా అడుగుతున్నారు. అతను కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మాలలో ఉండగా అబద్ధం ఆడకూడదు. చూడలేదని అనలేడు. నిజం చెబితే నేను పోతాను. అందుకని మాట్లాడడమే మానేశాడు. తెలియకపోతే తెలియదనేవాడుగా, ఏమీ అనడం లేదంటే వీడే తీశాడని ఎస్.ఐ. గారికి అనుమానం గట్టిపడింది. అరటిపళ్లు చేతికి ఇస్తుంటే నాతో మాత్రం అన్నాడు.

"అక్కా, ఎండెక్కుతోంది. నువ్వింటికెళ్లు."

వెళ్లాను. అంత పిరికిదాన్ని. వెళ్లి కొట్టు తెరిచి అందరికీ టీ కాచాను. ఒక్కరికీ పంచదార సరిపోలేదు. నేను వెయ్యడం మర్చిపోయాను.

ఈ రోజు ఉదయం ఆరున్నరకు దొరసాని మామూలుగానే వచ్చి బల్ల మీద ఎడమవైపు కూర్చున్నారు. కర్ర, టోపీ ఉన్నాయి, సంచి లేదు. ఏడుకొండలు రోజూ వచ్చి నిలబడే చోటు ఖాళీగా ఉంది. దొరసాని ఆ చోటు వైపు చూపించి, "స్వామి?" అని అడిగారు. అతని పేరే స్వామి అని ఆమె అనుకుంటున్నారు. నేను లోపలికి వెళ్లి డబ్బాలో చెయ్యి పెట్టి సంచి తీసి, బియ్యం దులిపి, ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. ఆమె ముందు పాస్‌పోర్టు చూసుకోలేదు. ముందు పుస్తకం తీసి తడిసిందేమోనని పేజీలు తిప్పి చూశారు. తర్వాత నా ముఖం చూశారు. నా చెయ్యి పట్టుకుని బల్ల మీద పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరం కుడివైపుకు ఒరిగాం.

ఎనిమిది గంటల ఆటోలో నేను, దొరసాని, పెర్సిస్ బయలుదేరాం. ఇక్కడికి వచ్చాక దొరసాని ఎస్.ఐ. గారితో ఇంగ్లీషులో చెప్పారు. సంచి ఎవరూ తీయలేదు, నేనే హన్నమ్మ కొట్లో మర్చిపోయాను, ముసలితనం, క్షమించండి అని. పెర్సిస్ గోడ వైపు చూస్తూ అది తెలుగులో చెప్పింది. ఎస్.ఐ. గారు, "మరి కొట్లో మర్చిపోతే ఈ స్వామి రెండు రోజులుగా నోరెందుకు విప్పలేదండీ?" అని అడిగారు. అబద్ధం ఆడలేక ఒకడు రెండు రోజులు నోరు కట్టేసుకున్నాడు. నా కోసం ఆ పెద్దావిడ అబద్ధం ఆడేశారు. వాళ్లిద్దరి మధ్య నేను పెద్దమనిషిలా కూర్చోలేకపోయాను. లేచి, నేనే తీశానని చెప్పాను. ఎందుకు తీశానో చెప్పాను.

అప్పుడు ఎస్.ఐ. గారు ఆ పుస్తకం పెర్సిస్ చేతికి ఇచ్చి, కొలతలేనా, చదివి చెప్పమ్మా అన్నారు. పెర్సిస్ పటం ఉన్న పేజీ తీసింది. దొరసానిని ఏదో అడిగింది. దొరసాని చెప్పారు. వాళ్ల ఊళ్లో నడిచే దారులు గీసి, ఎక్కడ ఏముందో రాసి, చిన్న పుస్తకంగా చర్చి గుమ్మంలో పెడతారట, కొత్తగా వచ్చినవాళ్లు చూసుకుని నడవడానికి. మా ఊరికి అలాంటిది లేదు కదా అని ఆమె గీస్తున్నారట. వెళ్లేముందు ఎలీయాజరు మాస్టారికి ఇచ్చి వెళదామని ఎవరికీ చెప్పలేదట. అందుకే అంగలు లెక్కపెట్టారు. అందుకే ట్రాక్టరు దిగి వెనక్కి నడిచారు. కొలతలు కొలతలే, నేను అందులో తప్పు పడలేదు. ఎవరి కోసమన్న దగ్గరే తప్పు పడ్డాను.

పెర్సిస్ చదివినది నాకు గుర్తున్నంత వరకు చెబుతున్నాను. రేవు నుంచి బడికి 340 అంగలు. మధ్యలో నల్లకుక్క ఉంటుంది, మొరుగుతుంది గానీ వెంట వచ్చి దిగబెడుతుంది. దారిలో ఎవరైనా బండి ఆపితే ఎక్కండి, ఎక్కకపోతే బాధపడతారు. ఆడవాళ్ల చెరువు గట్టు 212 అంగలు. ఉదయం వెళితే ఎండ వీపు మీద హాయిగా ఉంటుంది. ఈ ఊళ్లో గట్లన్నింటిలోకి చక్కగా వేసిన గట్టు ఇదే, చేతులతో వేశారు.

ఆ గట్టు మాట చదివినప్పుడు ఎస్.ఐ. గారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట జీపు తప్ప ఏమీ లేదు. ఇది రాయవద్దని ఆయనే అన్నారు. చెప్పినదంతా రాయవలసిందే కదండీ అని నేను అన్నాను.

ఆఖరున రేవు దగ్గర ఒక చిన్న ఇల్లు బొమ్మ ఉంది. అది నా కొట్టు. పెర్సిస్ అక్కడ ఆగింది. చదవమ్మా అన్నాను. చదివింది.

"హన్నమ్మ కొట్టు. బల్ల మీద ఎడమవైపు కూర్చోండి. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని ఇక్కడ అడగరు. ముందు అల్లం టీ ఇస్తారు. ఈ నడకంతా ఇక్కడికి రావడం కోసమే నడవండి."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది.

ఇంక నేను చెప్పేది లేదు. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ఏడుకొండలును ఇప్పుడే పంపండి. అతను సాయంత్రం స్నానానికి ఇంట్లో ఉండాలి. దొరసాని గారు రేపు వెళ్లిపోతారు. ఆ పటం మాస్టారి ఇంట్లో వద్దని, నా కొట్లో గోడకు తగిలించమని అడిగాను. ఆమె ఒప్పుకున్నారు. ఎవరికైనా ఇకమీదట టీ ముందు, పేరు తర్వాత. పేరు అసలు అడక్కపోయినా ఫరవాలేదు.

పైన ఉన్నదంతా నా నోటితో నేను చెప్పగా రాసి, నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పనిది ఇందులో లేదు. రాయవద్దన్నవి మాత్రం రెండు ఉన్నాయి. అవీ నిజమే.

కొల్లాబత్తుల హన్నమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర

చదివి తెలుగు చేసి చెప్పినవారు: పెర్సిస్, టీచరు (సంతకం)

సాక్షి: మార్జరీ (ఇంగ్లీషులో సంతకం. సంచి సొంతదారు సాక్షిగా చేయడం పద్ధతి కాదని చెప్పినా వినక చేసిరి.)

గమనిక: మధ్యాహ్నం 12.50కి ఏడుకొండలును పంపివేయడమైనది. పడవ, గెడ అప్పగించడమైనది. వెళుతూ మా ఎదుట మొదటగా మాట్లాడిన మాట: "అక్కా, రేపు రైలెక్కే ముందు నీ కొట్టు దగ్గరికొచ్చి నిలబడతాను." — వెంకట్రాజు, హెడ్ కానిస్టేబుల్.